అంగుళం బొమ్మపై వెలుగునీడలు: వార్‌గేమ్ ప్రతిమల వర్ణలేఖనం - వ్యాఖ్యానదృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం

బల్లపై ఆడే కాల్పనిక యుద్ధక్రీడల కోసం పోతపోసిన అంగుళం ఎత్తు బొమ్మలకు ఆటగాళ్లే రంగులు వేసుకోవడం ఇంగ్లండులో 1970ల చివరి నుంచి ఒక ప్రత్యేక కళగా ఎదిగింది. ఇందులో బొమ్మ రూపం శిల్పిది, దాని వెనుక కథ సంస్థది. రంగు వేసే వ్యక్తి సృజనకు ఇక చోటెక్కడ అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ వర్ణలేఖనాన్ని స్వతంత్ర చిత్రరచనగా కాక, ఒక మూలానికి చేసిన వ్యాఖ్యానంగా చూసినప్పుడే దాని గుణదోషాలను నిర్ణయించే ప్రమాణాలు దొరుకుతాయని ప్రతిపాదిస్తుంది. మల్లినాథసూరి వ్యాఖ్యానదృష్టి, క్షేమేంద్రుని ఔచిత్యవిచారం, శంకుకుని చిత్రతురగన్యాయం ఈ పరిశీలనకు ఆధారాలు.

కీలకపదాలు: వార్‌గేమ్ ప్రతిమలు, వర్ణలేఖనం, వార్‌హామర్, వ్యాఖ్యానం, ఔచిత్యం, వర్తన, చిత్రతురగన్యాయం.

1. ఉపోద్ఘాతం

మినియేచర్ అనే మాట వినగానే కళాసాహిత్య విద్యార్థికి మొఘల్, దక్కనీ సూక్ష్మచిత్రాలు గుర్తుకు వస్తాయి. ఈ వ్యాసం చర్చించే మినియేచర్ వేరు. అది కాగితంపై గీసిన చిత్రం కాదు. సీసం, తగరం, ప్లాస్టిక్కు, రెసిన్ వంటి పదార్థాలతో పోతపోసిన చిన్న బొమ్మ. ఎక్కువగా 28 మిల్లీమీటర్ల కొలతలో, అంటే అంగుళానికి కాస్త ఎక్కువ ఎత్తులో ఉంటుంది. భూతాలు, మరుగుజ్జులు, మాంత్రికులు, కవచధారులైన భవిష్యత్ సైనికులు దీని పాత్రలు. పెట్టెలో అది రంగు లేకుండా, విడివిడి భాగాలుగా వస్తుంది. కొన్నవారు వాటిని అతికించి, రంగులు వేసి, బల్లపై సేనగా నిలిపి ఆడతారు. చాలామందికి ఆటకంటే రంగు వేయడమే ప్రధాన వ్యాపకం. ఏళ్లపాటు రంగులు వేస్తూ ఒక్క ఆటైనా ఆడనివారూ ఉన్నారు.

ఈ వ్యాపకాన్ని విమర్శ ఇంతవరకు రెండు విధాలుగా పక్కన పెట్టింది. కళావిమర్శకు ఇది ఆటబొమ్మ. క్రీడల అధ్యయనానికి ఇది ఆటకు ముందు జరిగే సన్నాహం. రెండింటికీ కారణం ఒకటే: రూపం మరొకరిది కాబట్టి రంగు వేయడంలో కర్తృత్వం లేదన్న భావన. ఈ భావన నిలబడదు. అక్బరు చిత్రశాలలో రేఖ ఒకరిది, రంగు మరొకరిది అయిన చిత్రాలు ఎన్నో ఉన్నాయి. ఇద్దరి పేర్లనూ విడివిడిగా నమోదు చేసిన సందర్భాలూ ఉన్నాయి. తెలుగు సాహిత్యచరిత్ర మొదలయ్యేదే వ్యాసుని కథను నన్నయ తెలుగుచేసిన ఘట్టంతో. మూలం ఇతరులదైనంత మాత్రాన రచన రచన కాకుండా పోదు. అయితే ఆ రచన ఏ జాతికి చెందినదో తేల్చుకోవాలి. ఈ వ్యాసం దాన్ని వ్యాఖ్యానజాతికి చెందినదిగా గుర్తిస్తుంది.

2. సంకేతం నుంచి వర్ణనకు: చారిత్రక నేపథ్యం

యుద్ధక్రీడల పుట్టుక సైనికశిక్షణలో ఉంది. 1824లో ప్రష్యా సైన్యానికి రైస్విట్జ్ అందించిన క్రీగ్‌స్పీల్‌లో దళాలను సూచించినవి చిన్న దిమ్మెలు. వాటి ఎరుపు, నీలం రంగులు ఏ దళం ఏ పక్షమో తెలిపేవి. అక్కడ రంగు సంకేతం మాత్రమే.

1893లో ఇంగ్లండుకు చెందిన విలియం బ్రిటన్ సంస్థ లోపల గుల్లగా ఉండే సీసపు సైనికుల పోతపద్ధతిని ప్రవేశపెట్టింది. ఆ బొమ్మలు రంగులతోనే అంగడికి వచ్చేవి. 1913లో హెచ్. జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ పేరుతో ఇంటి గచ్చుపై బొమ్మసైనికులతో ఆడే యుద్ధానికి నియమాలు రాశాడు. తర్వాతి దశాబ్దాలలో చారిత్రక యుద్ధక్రీడలు వ్యాపించాక రంగు లేని పోతబొమ్మలను కొని, నెపోలియన్ కాలపు పటాలాల దుస్తులను పుస్తకాల్లో చూసి రంగు వేసుకోవడం అలవాటైంది. ఈ దశలో రంగు ప్రమాణపత్రం వంటిది. ఫలానా పటాలం కోటు అంచు పసుపా, తెలుపా అన్నదానికి చరిత్ర జవాబు చెబుతుంది. తప్పొప్పులకు సాక్ష్యం బొమ్మ బయట ఉంది.

1971లో అమెరికాలో వెలువడిన ‘చెయిన్‌మెయిల్’ నియమావళి అనుబంధంలో డ్రాగన్లు, మాంత్రికులు యుద్ధక్రీడలోకి వచ్చారు. 1974లో ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చింది. ఆ ఆటను యూరప్‌కు తెచ్చిన గేమ్స్ వర్క్‌షాప్ 1975లో లండన్‌లో మొదలై, 1977 నుంచి ‘వైట్ డ్వార్ఫ్’ పత్రికను నడిపింది. 1979లో సిటడెల్ మినియేచర్స్ బొమ్మల సంస్థ ఏర్పడింది. 1983లో ‘వార్‌హామర్’, 1987లో ‘వార్‌హామర్ 40,000’ వెలువడ్డాయి. తర్వాత ఈ పరిశ్రమకు నాటింగ్‌హామ్ కేంద్రమైంది.

ఈ మలుపు వర్ణలేఖన చరిత్రలో కీలకమైనది. గాబ్లిన్ చర్మం ఏ రంగో చెప్పే చరిత్రగ్రంథం ఉండదు. రంగు వేసే వ్యక్తికి తొలిసారి సాక్ష్యభారం తొలగింది. కానీ ఆ ఖాళీ ఎక్కువకాలం నిలవలేదు. అల్ట్రామెరీన్ల కవచం నీలం, బ్లడ్ ఏంజెల్స్ కవచం ఎరుపు అని సంస్థే తన కల్పితలోకానికి చరిత్ర రాసి, రంగులను నిర్ణయించి, పుస్తకాలుగా అమ్మింది. చారిత్రక ప్రమాణం స్థానంలో కల్పిత ప్రమాణం వచ్చింది. నాటి నుంచి ఈ కళలో స్వేచ్ఛ, విధేయతల మధ్య ఘర్షణ కొనసాగుతూనే ఉంది.

3. బొమ్మకు వెలుతురు ఎందుకు వేయాలి?

ఈ కళ మొత్తం ఒక భౌతికసమస్య మీద ఆధారపడి ఉంది. చిత్రపటంలోని మనిషికి లోతు లేదు కాబట్టి చిత్రకారుడు నీడలు వేస్తాడు. బొమ్మకు లోతు ఉంది, దానిపై గదిలోని వెలుతురు పడుతూనే ఉంది. అలాంటప్పుడు మళ్లీ వెలుగునీడలు వేయడం ఎందుకు?

జవాబు పరిమాణంలో ఉంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ నిలువెత్తు మనిషిలో దాదాపు అరవయ్యో వంతు. మనిషి అంగీ మడతలో 3 సెంటీమీటర్ల లోతు ఉంటే బొమ్మలో అది అర మిల్లీమీటరు. గదిలో నలుదిక్కుల నుంచి పరచుకొన్న వెలుతురు అంత చిన్న మడతలో నీడను నిలవనివ్వదు. ఒకే రంగు పూసిన బొమ్మ కాస్త దూరం నుంచి చదునుగా, ముద్దగా కనిపిస్తుంది. శిల్పి చెక్కిన రూపం అక్కడే ఉంది, కానీ కంటికి అందదు. దానిని అందేలా చేయడమే రంగు పని.

ఇందుకు క్రమంగా ఒక పద్ధతి స్థిరపడింది. ముందు ప్రైమర్ పూత. దానిపై మూలవర్ణం. తరువాత పలుచని ముదురు వాష్. అది తనంతట తాను మడతల్లోకి జారి నీడ అవుతుంది. ఆపై పొడిబారిన బ్రష్‌ను ఎత్తైన భాగాలకు తాకించే డ్రైబ్రష్, లేదా మెల్లమెల్లగా లేతరంగులను పొరలుగా పేర్చడం. చివరికి అంచులపై సన్నని వెలుగుగీత. కొందరు మొదటే నల్లని ప్రైమర్ వేసి, పైనుంచి మాత్రమే తెల్లరంగు చల్లుతారు. నడినెత్తిన ఉన్న సూర్యుని వెలుతురు ఏయే భాగాలపై పడుతుందో అది పటంగా చూపుతుంది. తర్వాతి రంగులన్నీ ఆ పటాన్ని అనుసరిస్తాయి.

భారతీయ చిత్రశాస్త్రానికి ఈ ఆలోచన కొత్త కాదు. విష్ణుధర్మోత్తరపురాణంలోని చిత్రసూత్రం రంగుతో ఉబ్బెత్తును, లోతును సాధించే ప్రక్రియను ‘వర్తన’ అంది. పత్రజం, ఐరికం, బిందుజం అని మూడు విధాలుగా విభజించింది. ఆకు ఈనెల వంటి గీతలతో, అతిసన్నని రేఖలతో, చుక్కలతో నీడను కట్టడం వీటి స్వరూపం. నేటి మినియేచర్ చిత్రకారులు సన్నగీతలతో, చుక్కలతో చేసే పని రేఖాబిందువర్తనల కోవలోదే. ఈ రెండు సంప్రదాయాలకు చారిత్రక సంబంధం లేదు. సమస్య ఒకటే కావడం వల్ల పరిష్కారాలు దగ్గరయ్యాయి. తేడా కూడా గమనించాలి. గోడపై వర్తన లేని లోతును కల్పిస్తుంది. బొమ్మపై వర్తన ఉన్న లోతును పలికిస్తుంది. వ్యాఖ్యానం చేసే పనీ ఇదే.

4. వ్యాఖ్యాత ధర్మం

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి తెలుగునాటివాడు. మెదకు ప్రాంతపు కొల్చారంతో ఆయన ఇంటిపేరును పరిశోధకులు ముడిపెడతారు. మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఆయన పెట్టుకొన్న నియమం ప్రసిద్ధం. చెడ్డ వ్యాఖ్యల విషంతో మూర్ఛిల్లిన కాళిదాసవాణిని బతికించేది అన్న భావంతో తన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టాడు.

ఈ మూడు భావనలూ బొమ్మల వర్ణలేఖనానికి వర్తిస్తాయి. మొదటిది, మూలవిధేయత. అంచుపై వేసిన వెలుగుగీత శిల్పి చెక్కిన అంచు ఎక్కడ ఉందో అక్కడే నడవాలి. గీత తప్పితే కవచపు పలక వంకరగా కనబడుతుంది. పదాన్ని తప్పుగా విడదీసిన వ్యాఖ్యాత వల్ల శ్లోకార్థం చెడినట్లే ఇదీ. రెండవది, అనవసర త్యాగం. బొమ్మపై ఉన్న ప్రతి తోలుపట్టీకీ, ప్రతి మేకుకూ సమానమైన మెరుపు ఇస్తే చూపు ఎక్కడా ఆగదు. ముఖం ప్రధానమైనప్పుడు నడుముకు కట్టిన సంచి వెనక్కి తగ్గాలి. మూడవది, దుర్వ్యాఖ్య. చిక్కని రంగును మందంగా పూస్తే మడతలు పూడిపోయి, కనురెప్పలు, గోళ్లు మాయమవుతాయి. రంగును నీటితో పలుచన చేసి రెండు పూతలుగా వేయాలని కొత్తవారికి మొదట చెప్పే పాఠం ఇందుకే. అది కేవలం పనితనపు చిట్కాగా కనిపించినా, మూలాన్ని పూడ్చకుండా చెప్పాలనే వ్యాఖ్యానధర్మం దానిలో ఇమిడి ఉంది.

శిల్పి కూడా ఈ వ్యాఖ్యాతను ఊహించుకొనే చెక్కుతాడు. ఈ బొమ్మల తలలు, చేతులు, ఆయుధాలు శరీరప్రమాణానికి మించి పెద్దవిగా ఉంటాయి. దీనిని ‘హీరోయిక్’ కొలత అంటారు. పోతకు, దూరపు చూపుకు, బ్రష్‌కు అనువుగా చేసిన అతిశయోక్తి ఇది. కెవ్ ఆడమ్స్ గాబ్లిన్ల ముఖాలలోని లోతైన ముడతలు, పెద్ద ముక్కులు వాష్‌ను తమలోకి పిలుచుకొంటాయి. జెస్ గుడ్‌విన్ రూపొందించిన ఎల్డార్ యోధుల నునుపైన శిరస్త్రాణాలు పొరల పూతను కోరతాయి. మూలమే తనకు తగిన వ్యాఖ్యాశైలిని సూచిస్తుందన్నమాట.

5. చూపుదూరం - ఔచిత్యం

వ్యాఖ్య ఎవరికోసం అన్న ప్రశ్న ఇక్కడ చూపుదూరం రూపంలో ఎదురవుతుంది. అరవయ్యో వంతు లెక్కను మరొకసారి ఉపయోగిస్తే విషయం స్పష్టమవుతుంది. ఆటబల్లపై 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూసిన బొమ్మ, 36 మీటర్ల దూరంలో నిలబడిన మనిషితో సమానం. చేతిలోకి తీసుకొని 25 సెంటీమీటర్ల నుంచి చూస్తే 15 మీటర్ల దూరపు మనిషి. పత్రికలో అదే బొమ్మను ఐదు రెట్లు పెంచి 14 సెంటీమీటర్ల ఎత్తున అచ్చువేసి, 40 సెంటీమీటర్ల నుంచి చూస్తే దాదాపు 5 మీటర్ల దూరపు మనిషి. అంటే బొమ్మను 8 సెంటీమీటర్ల దూరం నుంచి చూసినట్లు. అంత దగ్గర సాధారణంగా పెద్దవారి కంటికి చూపు నిలవదు.

36 మీటర్ల దూరాన ఉన్న మనిషి కంటిపాప రంగు ఎవరికీ తెలియదు. నిలబడిన తీరు, తల తిప్పిన దిశ, దుస్తుల్లోని రెండు మూడు ప్రధానవర్ణాలు మాత్రమే తెలుస్తాయి. కాబట్టి ఆటబల్లపై సేనకు కావలసినది స్థూలమైన వర్ణవైరుధ్యం, తెగిన అంచులు, ముఖాలపై కాస్త ఎక్కువ వెలుగు. చేతిలోకి తీసుకొనే సేనానికి సూక్ష్మమైన పని తగును. పత్రికాచిత్రం కోరేది వీటికి భిన్నమైన మూడవ నాణ్యత. అక్కడ బ్రష్ జాడ కూడా దోషమే.

కావ్యాంగాలన్నింటికీ తగిన చోట ఉండడమే ప్రాణమని క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో ప్రతిపాదించాడు. కంఠానికి తగినది నడుముకు తగదు. ఈ సూత్రాన్ని అన్వయిస్తే మినియేచర్ లోకంలోని ఒక పాతవివాదం విడిపోతుంది. ‘బల్లస్థాయి’ పని తక్కువది, ‘ప్రదర్శనస్థాయి’ పని గొప్పది అనే మెట్ల వరుస అక్కడ స్థిరపడింది. నిజానికి అవి ఒకే మెట్ల వరుసలోని కింది మెట్టు, పై మెట్టు కావు. రెండు వేర్వేరు చూపుదూరాలకు రాసిన రెండు వ్యాఖ్యలు. ప్రదర్శనకోసం అతిమృదువుగా కలిపిన రంగులు ఆటబల్లపై మసకగా కలిసిపోవచ్చు. బల్లకోసం మొరటుగా వేసిన వెలుగుగీత దూరం నుంచి కత్తిలా మెరవవచ్చు. బాలవ్యాఖ్యను పండితవ్యాఖ్యతో పోల్చి తక్కువ చేయడం ఎంత అనుచితమో ఇదీ అంతే.

ఈ మెట్ల వరుస ఏర్పడడంలో ఛాయాచిత్రానికి పెద్ద పాత్ర ఉంది. 1987లో గేమ్స్ వర్క్‌షాప్ ప్రారంభించిన గోల్డెన్ డీమన్ పోటీలో అత్యున్నత బహుమతి స్లేయర్ స్వోర్డ్ అనే నిజమైన పొడవాటి ఖడ్గం. పోటీలో గెలిచిన బొమ్మలను ఎక్కువమంది చూసింది పత్రికల పుటల్లో, పెంచిన చిత్రాలుగా. మామూలుకంటికి అందని సూక్ష్మత అభిరుచికి కొలమానమైంది. దాన్ని చూసి తన పనిని తానే కించపరచుకొనే అభ్యాసకుడు కొలుస్తున్నది బొమ్మను కాదు, కెమెరాను.

6. రెండు మార్గాలు: వివరణ, ధ్వని

గేమ్స్ వర్క్‌షాప్ అంతర్గత చిత్రకారుల బృందానికి ‘ఎవీ మెటల్’ అని పేరు. పత్రికల్లో, పెట్టెల మీద కనిపించే బొమ్మలు వీరివే. వీరి శైలిలో ప్రతి పలకకూ అంచుగీత ఉంటుంది. ప్రతి సందులో ముదురు రేఖ నడిచి భాగాలను వేరుచేస్తుంది. రంగులు శుభ్రంగా, ఒకదానితో ఒకటి కలవకుండా ఉంటాయి. 1990లలో ఈ శైలి మరింత ప్రకాశవంతమైంది. ఎరుపు, పసుపు రంగులతో నిండిన సేనలు ఆకుపచ్చ పీఠాలపై నిలిచాయి. ఇది పదవిభాగం, అన్వయం, ప్రతిపదార్థం ఇచ్చే వ్యాఖ్య. మూలంలో ఏమున్నదో ఏదీ దాచదు. కొనబోయేవారికి బొమ్మను పూర్తిగా చూపే వ్యాపారావసరమూ దీని వెనుక ఉంది.

దీనికి ఎదురుగా నిలిచినవాడు అదే సంస్థలో చిత్రకారుడిగా, కళాదర్శకుడిగా దీర్ఘకాలం పనిచేసిన జాన్ బ్లాంచ్. వార్‌హామర్ లోకాలకు శిథిలమైన, భయానకమైన ముఖాన్ని ఇచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన బొమ్మలపై గైరికం, గోధుమ, తుప్పు ఎరుపు వర్ణాలు ఒకదానిలోకి ఒకటి జారుతాయి. అంచులు కొన్నిచోట్ల కనిపించవు. వేర్వేరు బొమ్మల భాగాలను కలిపి కొత్త రూపాలను కట్టడం ఆయన పద్ధతిలో భాగం. వైట్ డ్వార్ఫ్‌లో ‘బ్లాంచిట్సు’ పేరుతో వచ్చిన శీర్షిక ఈ మార్గానికి అనుయాయులను తెచ్చింది.

మొదటి మార్గం వాచ్యాన్ని విప్పుతుంది, రెండవది వ్యంగ్యాన్ని ఆశ్రయిస్తుంది. బ్లాంచ్ మార్గంలోని మసక, బొమ్మ జీవించే లోకం గురించి చెబుతుంది: అక్కడ వెలుతురు తక్కువ, ఇనుము తుప్పుపట్టినది, మతం క్రూరమైనది. రూపవివరం కొంత పోయినా లోకవివరం దొరుకుతుంది. అయితే దీనిలోనూ ప్రమాదం ఉంది. ప్రతి బొమ్మపైనా ఒకే మట్టిరంగు వాష్ పోసి దాన్ని గాంభీర్యమని పిలిచే అనుకరణలు ఈ మార్గంలో విరివిగా పుట్టాయి. ధ్వనికి వాచ్యం ఆధారంగా ఉండాలి. కింద రూపం సరిగా పలకనప్పుడు మసకలో ధ్వని ఉండదు, అస్పష్టత మాత్రమే ఉంటుంది.

7. మూలాన్ని దాటే చోట్లు

మల్లినాథుని నియమాన్ని కచ్చితంగా అమలుచేస్తే ఈ కళలోని రెండు ప్రసిద్ధ పనులు దోషాలవుతాయి. మొదటిది, చదునైన జెండామీదా అంగవస్త్రంమీదా శిల్పి చెక్కని బొమ్మలను చేత్తో గీయడం. రెండవది, లోహపు పొడి ఉన్న రంగు వాడకుండా బూడిద, నీలం, తెలుపు వంటి మామూలు రంగులతోనే ఖడ్గపు మెరుపును చిత్రించడం.

రెండవదానిలో ఒక సూక్ష్మం ఉంది. లోహపు రంగు పూసిన ఖడ్గాన్ని తిప్పితే మెరుపు కదులుతుంది. మామూలు రంగుతో చిత్రించిన మెరుపు కదలదు. ఒక దిక్కు నుంచి చూసినప్పుడే అది ఉక్కు. అయినా చూపరి దానిని అబద్ధమని తోసిపుచ్చడు. రంగస్థలంపై రామపాత్రధారిని చూసే ప్రేక్షకుని ప్రతీతిని వివరించడానికి శంకుకుడు చిత్రంలోని గుర్రాన్ని ఉదాహరణగా తెచ్చాడు. ఆ జ్ఞానం యథార్థమూ కాదు, భ్రాంతీ కాదు, సంశయమూ కాదు, కేవల సాదృశ్యమూ కాదు. చిత్రించిన ఉక్కును చూసే కన్ను ఇటువంటి ప్రతీతినే పొందుతుంది. పైగా ఇక్కడ ఒక విశేషం ఉంది: గుర్రం పలకపై ఉంటే, ఈ ఉక్కు నిజంగా ఖడ్గాకారమున్న వస్తువుపై ఉంది. నిజమైన ఆకారంపై చిత్రించిన ద్రవ్యం ఇది. శిల్పానికీ చిత్రానికీ మధ్యనున్న ఈ స్థానం మినియేచర్ కళకు ప్రత్యేకమైనది.

కాబట్టి ఇటువంటి పనులు మూలవిరుద్ధమా కాదా అన్నది ఆ చేర్పు మూలం వదిలిన ఖాళీలో చేరిందా, మూలంపై ఎక్కిందా అన్నదాన్ని బట్టి నిర్ణయించాలి. పాత సీసపు బొమ్మల విశాలమైన అంగీలు, జెండాలు ఇటువంటి ఖాళీలను సమృద్ధిగా ఇచ్చాయి. కంప్యూటరులో చెక్కి, ఉక్కు అచ్చులో ప్లాస్టిక్కును ఒత్తి తీసే నేటి బొమ్మల్లో వివరాల పొందిక అద్భుతం. కానీ చాలా బొమ్మల్లో గొలుసులు, కపాలాలు, ముద్రలు ప్రతి తలాన్నీ ఆక్రమిస్తాయి. మూలమే అన్నీ చెప్పేసినప్పుడు వ్యాఖ్యాతకు మిగిలేది వరుసగా రంగు నింపడమే. వివరం పెరగడం వల్ల సృజన పెరిగిందనుకోవడం పొరపాటు.

8. సంస్థ, విధానం, స్వేచ్ఛ

ఈ కళలో బొమ్మను, రంగును, బ్రష్‌ను, రంగు వేసే పద్ధతిని, లోకచరిత్రను, పోటీని, తీర్పును ఒకే సంస్థ సమకూర్చగలదు. 2024 డిసెంబరులో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజి తొలి వంద సంస్థల సూచీలోకి గేమ్స్ వర్క్‌షాప్ చేరింది. ఇంటి బల్ల దగ్గర దీపం కింద జరిగే పని వెనుక ఉన్న వ్యాపారం ఎంతటిదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

రెండు పరిణామాలు ఇక్కడ విమర్శకు యోగ్యమైనవి. 2019లో వచ్చిన కాంట్రాస్ట్ రంగులు ఒకే పూతలో లోతుల్లో చిక్కగా, ఎత్తుల్లో లేతగా నిలుస్తాయి. నీడ, మూలవర్ణం, వెలుగు ఒకేసారి వస్తాయి. వంద బొమ్మల సేనను ముందేసుకొని నిరాశపడే ఉద్యోగికి ఇది నిజమైన సాయం. ఆ ప్రయోజనాన్ని తక్కువ చేయనవసరం లేదు. కానీ ఈ ద్రవానికి తెలిసిన సూత్రం ఒక్కటే: లోతు ఉన్నచోట చీకటి. ముడతలు, బొచ్చు, రెక్కల ఈకలపై ఈ సూత్రం చక్కగా పనిచేస్తుంది. చదునైన కవచంపై రంగు మరకలుగా పేరుకొంటుంది. వెలుతురు ఏ దిక్కునుంచి వస్తున్నదో, ముఖమా సంచా ఏది ప్రధానమో దానికి తెలియదు. నిఘంటువు అర్థాలను ఇస్తుంది, అన్వయం చేయదు. వాడేవారు ఆ అన్వయాన్ని చేసినప్పుడే అది వ్యాఖ్య అవుతుంది.

రెండవది 2020లో వచ్చిన వార్‌హామర్ 40,000 తొమ్మిదవ కూర్పు నియమం. ఆ కూర్పులో సేన మొత్తానికి సంస్థ నిర్దేశించిన కనీసస్థాయిలో రంగు వేసి ఉంటే ఆటగాడికి 100లో 10 గెలుపు పాయింట్లు లభించేవి. రంగు లేని బూడిద ప్లాస్టిక్కు సేనల కంటే రంగుల సేనలు ఆటకు అందం తెస్తాయన్నది దీని సమర్థన. అందులో న్యాయం ఉంది. అయితే ఆటలో పాయింటుగా మారిన క్షణం నుంచి రంగు తిరిగి సంకేతమవుతుంది. క్రీగ్‌స్పీల్ దిమ్మెపై ఎరుపు పక్షాన్ని తెలిపినట్లే, ఇక్కడ పూత ‘పని పూర్తయింది’ అన్న విషయాన్ని తెలుపుతుంది. రెండు శతాబ్దాల్లో సంకేతం నుంచి వ్యాఖ్యానానికి ఎదిగిన రంగు ఒక నియమంతో మొదటికి చేరే అవకాశం ఉంది.

అయినా స్వేచ్ఛ పూర్తిగా మూసుకుపోలేదు. సంస్థ పేర్కొనని దళాన్ని సొంతంగా ఊహించి, దానికి రంగులు, గుర్తులు, గాయాల చరిత్ర కల్పించుకొనే సంప్రదాయం మొదటినుంచీ ఉంది. వార్‌హామర్ 40,000 లోకంలో పేరు లేని దళాలకు చోటు ఉండడం దీనికి తోడ్పడింది. ప్రఖ్యాతవస్తువులో ఉత్పాద్యాంశాన్ని చేర్చిన ప్రబంధకవుల పద్ధతిని ఇది తలపిస్తుంది. కథాచట్రం అందరిదీ, అందులోని వర్ణన కవిది.

9. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. వార్‌గేమ్ ప్రతిమల వర్ణలేఖనం ఉన్న రూపాన్ని కంటికి అందించే కళ. బొమ్మ పరిమాణం వల్ల సహజకాంతి చేయలేని పనిని రంగు చేస్తుంది. అందువల్ల అది వ్యాఖ్యానజాతికి చెందుతుంది.

2. ఇందులో కర్తృత్వం మూలాన్ని సృష్టించడంలో లేదు. ఏది ముందుకు రావాలి, ఏది వెనక్కి తగ్గాలి, వెలుతురు ఎక్కడినుంచి రావాలి, లోకం ఎలాంటిది అన్న నిర్ణయాల్లో ఉంది.

3. గుణనిర్ణయానికి చూపుదూరం మొదటి ప్రమాణం. ఆటబల్లకు చేసిన పనిని పెంచిన ఛాయాచిత్రం కొలతతో తీర్పు చెప్పడం అనౌచిత్యం.

4. ఎవీ మెటల్ మార్గం వివరణకు, బ్లాంచ్ మార్గం ధ్వనికి ప్రాధాన్యమిస్తాయి. రెండూ మూలరూపానికి జవాబుదారులే. ఆ బాధ్యత తప్పినప్పుడు మొదటిది యాంత్రికతగా, రెండవది అస్పష్టతగా దిగజారుతుంది.

5. మూలంలో లేనిది చేర్చడం దానంతటదే దోషం కాదు. మూలం వదిలిన ఖాళీని అది నింపితే భూషణం, మూలాన్ని కప్పితే దూషణం.

6. రంగులు, పద్ధతులు, నియమాలు ఒకే సంస్థ చేతిలో ఉన్నప్పుడు రంగు తిరిగి కేవలసంకేతంగా మారే ప్రమాదం ఉంది. దానికి విరుగుడు ఖరీదైన రంగులో లేదు, ప్రతి బొమ్మ ముందూ తీసుకొనే స్వతంత్ర నిర్ణయంలో ఉంది.

ఒకే అచ్చులో పోసిన పది బొమ్మలు పది చేతుల్లో పది పాత్రలవుతాయి. ఒకచోట ముసలి సైనికుడు, మరొకచోట భయపడిన కుర్రవాడు, ఇంకొకచోట నిర్దయుడైన హంతకుడు. ముఖంపై మిల్లీమీటరు మేర వేసిన నీడ ఈ తేడాను తెస్తుంది. ఒకే మూలానికి ఇన్ని అర్థాలను ఇవ్వగల పనిని రంగు నింపడమని తేల్చివేయడం విమర్శకు తగదు.